పందుల క్యాసెట్

"ఆగు రషీద్ భయ్యా! గా క్యాసెట్ మీద వేరే పాటలు నింపకు!"

రికార్డు మీట మీద పెట్టిన వేలు అక్కడే ఆగిపోయింది. రషీద్ తలెత్తి చూశాడు. సిరోంచ బజారులో అతను నడిపే టేపురికార్డర్ల దుకాణం గడపలో పోశక్క నిలబడి రొప్పుతోంది. ఒక చేతిలో మూట, రెండో చేతిలో రీలు తెగి వేలాడుతున్న క్యాసెట్.

"గిది ఖతమైంది. గిసొంటిదే ఇంకోటి కావాలె."

"గిసొంటిది ఒక్కటే మిగిలింది అక్కా. ఇగో, గీ మిషిన్ల ఉన్నది. దీని మీద నజీరుద్దీన్ సాబ్ బిడ్డ పెండ్లికి పాటలు నింపాలె. పెండ్లి రేపే. మంచిర్యాల నుంచి కొత్త క్యాసెట్లు రానే రాలే."

"మరి నా పందుల సంగతేంది?"

రషీద్‌కు నవ్వూ బాధా రెండూ కలిసి వచ్చాయి. ఆ క్యాసెట్ అతనిదే. ఐదేళ్ల కిందట నాగపూర్‌లో భుజాల దాకా జుట్టు పెంచి, ఎలక్ట్రిక్ గిటార్ తగిలించుకుని, ముగ్గురు దోస్తులతో కలిసి చేసిన హెవీ మెటల్ ఆల్బమ్. పేరు 'లోహా'. ఒక్కరూ కొనలేదు. జుట్టు కత్తిరించుకుని, క్యాసెట్లన్నీ గోనెసంచిలో కుక్కుకుని ఊరికి వచ్చేశాడు.

ఇక్కడ మాత్రం వాటికి గిరాకీ దొరికింది. పెద్ద చప్పుడు చేసే క్యాసెట్ ఏదైనా ఉందా అని చేలకు కావలి ఉండేవాళ్లు అడిగితే, పీడ పోయిందనుకుని ఊరికే ఇచ్చేశాడు. మంచె మీద అది మోగిస్తే అడవి పందులు దరిదాపులకు రావని పేరొచ్చింది. పాడింది తనేనని ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోవడానికి మొహం చెల్లలేదు.

"సినిమా పాటలిస్త, తీస్కపో అక్కా."

"గవి పెడ్తే పందులు కూసోని ఇంటయి. నాకు గా పాడేటాయన ఒర్లుడే, గా గొంతు చించుకునుడే కావాలె. నడుమ రైలు కూత గుడ ఉండాలె."

"రైలు కూతనా?"

"మూడో పాట అయిపోయే కాడ ఎక్కడ్నో దూరంగ కూస్తది. నేను రైలు సూడలే గని, గది ఇంటే పానం ఎటో పోతది." పోశక్క ఒక్క క్షణం ఆగి, "పందులది," అంది.

రషీద్ రీలు ముందుకు తిప్పి, చప్పుడు తగ్గించి పెట్టాడు. ఊరికి వచ్చాక తన గొంతు తాను వినడం ఇదే మొదలు. పట్టాల పక్కన రేకుల షెడ్డు, అదిరే డ్రమ్ములు, పాట చివర ఆ పాడు కూత. కూత పడింది, మళ్లీ పాడదామని తను మొత్తుకుంటే ముగ్గురూ పగలబడి నవ్వి, ఉండనీ అన్నారు. ఆ ముగ్గురూ ఇప్పుడు ఎక్కడున్నారో తెలియదు.

"పాపం, ఎవ్వలో ఏమో గని, కడుపుల గంత మంట పెట్టుకున్నడు," అంది పోశక్క.

రషీద్ క్యాసెట్ తీసి ఆమె చేతిలో పెట్టాడు. "నజీరుద్దీన్ సాబ్‌కు ఏదో ఒకటి చెప్పుకుంట. జర పైలంగ వాడు అక్కా. ఇగ ఇంకోటి లేదు."

పోశక్క సంబరంగా మూటను బల్ల మీదికి నెట్టింది. "బియ్యం. ఉత్తగ తీసుకుంటనా?"

మూట విప్పగానే కమ్మటి వాసన దుకాణమంతా పరుచుకుంది.

"కొత్త బియ్యమా! ఏటి ఒడ్డు చేన్లు ఇంక కోయనే లేదు గద?"

"మాది ముందుగాల్ల కోతకొచ్చే రకం. కోసుడు, కొట్టుడు, దంచుడు అన్ని అయినయి."

రషీద్ అయోమయంగా చూశాడు. "పంట ఇల్లు చేరినంక ఇగ పందులెక్కడియి అక్కా?"

పోశక్క క్యాసెట్‌ను కొంగున ముడేసుకుని, వెనక్కి చూడకుండానే మెట్టు దిగింది.

"గాయన ఒర్లకపోతే నాకే నిద్ర పడ్తలేదు భయ్యా."