ఆరో సీసా

హుస్నా చనిపోయిన మూడు వారాలకు రాజధాని ఖార్తూమ్ నుంచి రక్తపరీక్షల ఫలితాలు వచ్చాయి.

ఆమెతో కలిపి పోయినవాళ్లు పదకొండు మంది. అందరూ నెలలు నిండుతున్న ఆడవాళ్లే. అందరూ కసలాలోని ఆ ఒక్క ప్రసూతి కేంద్రానికి వచ్చేవాళ్లే. ముందు కళ్లు పచ్చబడేవి. తర్వాత వాంతులు. వారం తిరక్కముందే స్పృహ తప్పేది. అవే కామెర్లు ఇంట్లో మిగతావాళ్లకు వస్తే పది రోజుల్లో తగ్గిపోయేవి. కడుపుతో ఉన్నవాళ్లే పోయేవారు.

వాళ్ల రక్తం తీసి పంపింది ముజమ్మిల్. అక్కడి ల్యాబ్ పని అతనిదే. ఒక్కొక్కరి చెయ్యి పట్టుకుని సూది గుచ్చాడు, సీసా మీద పేరు రాశాడు. పదకొండో పేరు రాసేసరికి అతనికి ఏమీ అనిపించకుండా పోయింది.

ఫలితాలు తెచ్చిన డాక్టరమ్మ, పేరు ఇష్రాగా, కాగితాలు బల్ల మీద పరిచింది. పదకొండు మందిలోనూ వైరస్ జన్యుక్రమం ఒకటేనని చెప్పింది. ఊళ్లో మనిషి నుంచి మనిషికి పాకి ఉంటే ఎక్కడో ఒకచోట తేడా కనిపించేదట. ఇది అందరికీ ఒకే చోట అంటిందట. ఈ కామెర్లు నీళ్లతో వచ్చేవి కాబట్టి, వీళ్లు నీళ్లు తాగిన ప్రతి చోటు నుంచీ ఒక సీసా కావాలంది.

ముజమ్మిల్ తిరిగి తిరిగి ఐదు సీసాలు తెచ్చాడు. కొళాయి, ట్యాంకు, టీ అమ్మే ఆమె బిందె, రెండు చేతిపంపులు.

"మరి గేటు దగ్గరి కుండల సంగతి?" అంది డాక్టర్.

గేటు పక్కన వేపచెట్టు నీడలో మూడు పెద్ద మట్టికుండలు ఉన్నాయి. పోయినవాళ్ల పేరున, దారిన పోయేవాళ్ల కోసం పెట్టిన నీళ్లు. వరసలో నిలబడి అలిసిపోయిన గర్భిణులు అవే తాగేవారు. తాగి, అవి ఎవరి పేరున పెట్టారో ఆ మనిషిని దేవుడు చల్లగా చూడాలని అనుకునేవారు.

"వాటిని శుక్రవారం శుక్రవారం కడుగుతారు, డాక్టర్."

"అయినా తీసుకురా."

తెచ్చాడు. ఫలితం తేలేదాకా ఎవరూ తాగకుండా డాక్టర్ ఆ కుండలకు గుడ్డ కట్టించింది. పన్నెండో రోజున కబురొచ్చింది. ఆరో సీసాలో ఉన్నదీ ఆ పదకొండు మందిలో ఉన్నదీ ఒకటే.

గాడిదబండి మీద నీళ్లు తెచ్చి కుండలు నింపే ఓషేక్ తాతను పిలిపించారు. గాష్ నది పొంగినప్పటి నుంచి చేతిపంపు దగ్గర రద్దీ ఎక్కువైందని, అందుకని నది పక్క పాత బావిలో తోడుతున్నానని ఒప్పుకున్నాడు. ఆ వరదలో బావి చుట్టూ ఉన్న మరుగుదొడ్లన్నీ మునిగాయి.

"వీటిని నింపమని నీకు చెప్పిందెవరు?" డాక్టర్ అడిగింది.

తాత తల దించుకున్నాడు. "ఎవరో పుణ్యాత్ములమ్మా. పేరు ఎరగను."

ముప్పై ఏళ్లుగా అక్కడే కాన్పులు చేస్తున్న మంత్రసాని బతూల్‌ని అడిగింది.

"నాకేం తెలుసు తల్లీ. మంచి మనసుతోనే పెట్టుంటారు. ఇప్పుడు ఆ పేరు రచ్చకీడ్చి ఎవరిని బతికిస్తావు? వదిలెయ్."

కుండలు పగలగొట్టమని డాక్టర్ చెప్పింది. ముజమ్మిల్ సుత్తి తీసుకున్నాడు. బతూల్ అతని చెయ్యి పట్టుకుంది.

"నువ్వొద్దు నాయనా. ఆ పని వేరేవాళ్లు చేస్తారు."

అతను వినలేదు. మూడూ పగలగొట్టి, పెంకులు ఏరి గోతిలో పోసి, సబ్బుతో చేతులు కడుక్కుని లోపలికొచ్చాడు.

బల్ల మీద నివేదిక దాదాపు పూర్తయింది. కుండలు ఎవరివి, ఎవరి పేరున పెట్టారు అన్న గడి ఒక్కటే ఖాళీగా ఉంది.

"ఎవరికీ తెలియదంటున్నారు. అదే రాసేస్తాను," అంది డాక్టర్.

ముజమ్మిల్ ఆమె చేతిలో పెన్ను అందుకుని ఆ గడిలో తన పేరు రాసి, దాని కింద, రెండేళ్ల కిందట ఇక్కడే తొలి కాన్పులో పోయిన తన భార్య మునా పేరు రాశాడు.