ఎదుటి వరుసలో ఈశ్వరమ్మ

ప్రేమానందం ఒక కన్ను కొంచెం తెరిచి చూశాడు. ఎదుటి వరుసలో ఈశ్వరమ్మ ఇంకా తనవైపే చూస్తోంది.

చచ్చాన్రా దేవుడా అనుకుని మళ్ళీ కన్ను మూసుకున్నాడు.

పెండ్లిమర్రి దగ్గర చేల మధ్య ఉన్న ధ్యాన కేంద్రం అది. పది రోజులు ఎవరూ ఎవరితోనూ మాట్లాడకూడదు. మగవాళ్ళు ఒక వరుస, ఆడవాళ్ళు ఎదురుగా ఒక వరుస. అందరూ కళ్ళు మూసుకుని ఎవరి శ్వాసను వాళ్ళు గమనించుకోవాలి. వేముల బడిపంతులు ప్రేమానందానికి మాత్రం తన శ్వాస కంటే ఎదుటామె చూపే బాగా తెలుస్తోంది.

ఈశ్వరమ్మ భర్తను జమ్మలమడుగు బస్టాండులో ఎదుటి పార్టీవాళ్ళు పట్టపగలు నరికారు. అప్పుడు ప్రేమానందం ఆగి ఉన్న బస్సులో కిటికీ పక్కన ఉన్నాడు. ముగ్గురినీ చూశాడు. ముగ్గురూ తెలిసినవాళ్ళే. వెంటనే సీటు కిందికి దూరాడు. ఆ సంగతి భార్య సుశీలమ్మకు కూడా చెప్పలేదు. చెబితే మెడ మీద తల ఉండదు. శవం మీద పడి ఏడ్చిన ఈశ్వరమ్మ ముఖం మాత్రం కళ్ళలోంచి పోలేదు.

ఎల్లుండి కోర్టులో ఆఖరి వాయిదా. సాక్షి లేడు గనుక కేసు కొట్టేస్తారని అందరూ అంటున్నారు. ఆ రోజు ఊళ్ళో ఉండలేక ఇక్కడికి వచ్చి పడ్డాడు. వస్తే, ఇక్కడ ఈమె! బస్సులో తనను ఎవరో చూసి చెప్పే ఉంటారు. లేకపోతే వెతుక్కుంటూ వచ్చి ఎదురుగా ఎందుకు కూర్చుంటుంది?

ఏదైనా బాధ ఉంటే మేనేజరు రామమూర్తి ఒక్కడితో మాట్లాడవచ్చు. ప్రేమానందం ఆయన గదికి పరుగెత్తాడు.

"సార్, నా ఎదురుగ్గా కూర్చునే ఆయమ్మను ఇంగ యాడన్నా కూర్చోబెట్టండి."

"ఎందుకప్పా? ఏమన్నా అంటాందా?"

"ఏమీ అనదు సార్."

"సైగలు చేస్తాందా?"

"అదీ లేదు."

"మరి నీకేంది బాధ?"

"సూస్తాంది సార్! ఐదు దినాల నుంచి నన్నే సూస్తాంది!"

రామమూర్తి కళ్ళద్దాలు తీసి పెట్టాడు. "ఆయమ్మ సూస్తాండేది నీకెట్ట తెలిసె? నువ్వు కండ్లు మూసుకోవాల గదా?"

ప్రేమానందం తలుపు వైపు తిరిగాడు. "అట్లయితే నేను ఇంటికి పోతా సార్."

"పది దినాలుంటానని సంతకం పెట్టినావు. పో, పోయి కూర్చో."

మర్నాడు మళ్ళీ అదే చాప, అదే చూపు. కాళ్ళు మడిస్తే తిమ్మిరి, చాపితే చుట్టూ ఉన్నవాళ్ళకు ఇబ్బంది. గోక్కున్నాడు. దగ్గాడు. అటు తిరిగి కూర్చున్నాడు, అయినా వీపు మీద ఆ చూపు పాకుతున్నట్టే ఉంది. తిట్టినా బాగుండేది, చొక్కా పట్టుకుని నిలదీసినా బాగుండేది. ఆమె నోరు తెరవదు. రేపీపాటికి అంతా అయిపోతుంది. ఆ ముగ్గురూ దండలు వేసుకుని జీపెక్కి ఊరేగుతారు. తను మళ్ళీ బడికి వెళ్ళి పిల్లలకు నీతి పాఠం చెబుతాడు.

అతనికి భయం కంటే సిగ్గు ఎక్కువైంది. లేచి నిలబడ్డాడు.

"అమ్మా, ఇంగ నన్నట్ట సూడొద్దు! నావల్ల కాదు!" అని అరిచాడు. "మీ ఇంటాయన్ను నరికిన ముగ్గుర్నీ నేను సూసినా. బస్సులోనే ఉండా. రేపు కోర్టుకొచ్చి పేర్లతో సహా చెప్తా!"

హాల్లో ఉన్న ముప్పైమందీ కళ్ళు తెరిచారు.

ఈశ్వరమ్మ ఉలిక్కిపడి లేచింది. ఆమె చూపు అతని తలకు జానెడు పైన ఉన్న గోడ గడియారం మీది నుంచి మెల్లగా కిందికి దిగి, అతని ముఖం మీద ఆగింది.

"సూసినోళ్ళు ఒక్కరూ లేరనిరి గదప్పా! కేసు కొట్టేసే దినం ఇంట్లో ఉండలేక నేను ఈడికొచ్చి, ఆ గడియారం సూసుకుంటా గంటలు లెక్కబెడతాండా," అంది. "ఇంతకూ నువ్వెవరప్పా?"