పేరు రాయని ఫిర్యాదు

"ఇవాళ మా గుమాస్తా సెలవు. రేపు రామ్మా," అన్నాడు ప్లీడరు, ఫైల్లోంచి తల ఎత్తకుండానే.

"ఫర్వాలేదు సార్, మీతోనే పని," అంటూ కుట్టుపని ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఒక ప్లీడరు మీద ఫిర్యాదు రాయించుకోవాలి. నా డబ్బు తినేశాడు."

ప్లీడరు కలం టక్కున ఆగింది. బల్ల మీద ఎన్నికల కరపత్రాల కట్ట ఉంది. తప్పు చేసిన ప్లీడర్లను విచారించే క్రమశిక్షణ కమిటీకి ఆయనా పోటీ చేస్తున్నాడు మరి! పోటీదారుల్లో ఎవడో ఒకడి కొంప మునుగుతుందంటే చేదా? ముఖం చాటంత అయింది.

"చెప్పమ్మా, చెప్పు," అని తెల్లకాగితం ముందుకు లాక్కున్నాడు. "పేరు మాత్రం చెప్పకు. తోటి ప్లీడరు పేరు మా కలంతో రాయం. అది మా వృత్తి మర్యాద. పేరు చోట ఖాళీ వదిలేస్తాను, కమిటీ ఆఫీసులో నువ్వే చెప్పుకో."

ఆవిడ చెప్పుకొచ్చింది. ఫ్యాక్టరీ మిషన్లో రెండు వేళ్లు పోయాయి. కేసు గెలిచింది. తనకు నాలుగు లక్షలు పరిహారం ఇమ్మంది కోర్టు. ఎప్పుడడిగినా ఇంకా రాలేదనే మాటే. చివరికి తనే వెళ్లి కోర్టు ఆఫీసులో అడిగితే, చెక్కు ఎనిమిది నెలల కిందటే ప్లీడరుకు ఇచ్చేశామన్నారు.

"దుర్మార్గుడు!" కలం పరుగెత్తింది. "ఇలాంటి కేసులు నా దగ్గరే ముప్పై ఉన్నాయి. ఏ ఒక్కరికైనా అన్యాయం జరిగిందా?"

"కేసు నడిచిన రెండేళ్లూ గుమాస్తాతోనే మాట్లాడించాడు సార్. ఒక్కసారైనా నా ముఖం చూసిన పాపాన పోలేదు."

"క్లయింటు ముఖం చూడనివాడు ప్లీడరేంటి, సిగ్గులేకపోతే సరి!" అన్నాడు, కాగితంలోంచి కళ్లు తీయకుండా.

నెలాఖరులోగా అడ్వాన్సు కట్టకపోతే ఆవిడ మాట్లాడుకున్న షాపు గది ఇంకొకరికి పోతుంది. అందులో ఒక మోటారు మిషను పెట్టుకుని, మిగిలిన వేళ్లతోనే తన బతుకు తను బతకాలని ఆశ. ఇంకే యజమాని ముందూ చేతులు కట్టుకుని నిలబడకూడదని పంతం.

"ఆ డబ్బు ఎక్కడ దాచి ఉంటాడు సార్?"

"తన పేర ఉంచుకుంటాడా, పిచ్చిదానా! బావమరిది ఖాతాలోకి తోసేసి ఉంటాడు. ముందు ఆ ఖాతా తీయించి చూడమని రాస్తున్నా."

"మీకెలా తెలుసు సార్?"

"అనుభవమమ్మా, పాతికేళ్ల అనుభవం!"

రెండు పేజీలు నిండాయి. ఒకసారి పైకి చదువుకుని తనకు తానే మురిసిపోయాడు. "ఇది చదివాక కూడా కమిటీ వాణ్ణి వదిలిపెడితే నా పేరు మార్చుకుంటా!"

ఫీజు ఐదు వందలన్నాడు. ఆవిడ మూడు వేళ్ల చేత్తో నోట్లు బల్ల మీద పెట్టింది. ఆయన నోట్లు చూశాడు, చేతిని చూడలేదు. రసీదు అడిగితే, "ఇంతమాత్రానికి రసీదేంటమ్మా!" అని నవ్వేశాడు.

ఆవిడ అటునుంచి అటే క్రమశిక్షణ కమిటీ ఆఫీసుకు వెళ్లింది. ఫిర్యాదులు తీసుకునే ఉద్యోగిని కళ్లజోడు సవరించుకుని రెండు పేజీలూ చదివింది.

"అబ్బ, ఎంత బాగా రాశారు! ఒక్క పాయింటూ వదల్లేదు. ఇక వాడు చచ్చినా తప్పించుకోలేడు. ఇంతకీ ఎవరి మీదమ్మా? ఇక్కడ పేరు లేదు."

"దీన్ని రాసిచ్చినాయన మీదేనండీ," అంది కుట్టుపని ఆవిడ.