లెంపీ వాకిట్లో మంచు

సాయంత్రం ఐదింటికే చీకటి పడింది. వాకిట్లో మంచు తీసే స్నోబ్లోయర్‌ని ఆర్విడ్ పలకల మీదుగా ట్రక్కులోకి తోసి, పట్టీలతో బిగించాడు. అది పొరుగింటి వైనోది. వైనో పోయి మూడు నెలలైంది. మిషన్ స్టార్ట్ కావడం లేదని అతని భార్య లెంపీ రిపేరుకిచ్చింది.

"ముందే చెప్పొచ్చుగా వదినా?"

"రోజూ తెల్లారేసరికి ఆవిరిస్నానం గది దాకా నువ్వు దారి తీసి పెడుతున్నావుగా. ఇంకా నీకు శ్రమెందుకని ఊరుకున్నా."

అమెరికాలోని ఈ సుపీరియర్ సరస్సు ఒడ్డున పక్కవాళ్ల మంచు తీసినవాడు చెప్పుకోడు, వాళ్లూ అడగరు. కానీ ఆర్విడ్ ఈ చలికాలం ఆ వాకిట్లో అడుగుపెట్టడం ఇదే మొదలు. ట్రక్కెక్కేశాడు.

ఇంటికొచ్చి టార్చి వేసి చూశాడు. ట్యాంకులో చుక్క పెట్రోలు లేదు. స్పార్క్ ప్లగ్గే లేదు. ఆ రంధ్రంలో సాలీడు గూడు. మరి దారి ఎవరు తీస్తున్నట్టు? ఇంకెవరైనా పొరుగువాళ్లా?

ఫోను మోగింది. లెంపీ.

"ఏమయ్యా, అప్పుడే బాగుచేసి తెచ్చేశావా? ఈ చీకట్లో తోయకపోతే ఏం? కాఫీ పెట్టా, లోపలికి రా."

ఆమె మాటల వెనక ఇంజను మోత. ఉన్నట్టుండి ఆగింది. గడప దగ్గర ఎవరో బూట్ల మంచు దులుపుతున్నారు.

"వదినా, నేను మా ఇంట్లోనే ఉన్నా. తలుపు తీయకు!"

అప్పటికే ఫోను బల్ల మీద పెట్టేసింది కాబోలు. దూరంగా గడియ తీసిన చప్పుడు.

తరవాత లెంపీ గొంతు, మెల్లగా:

"ఇంతాలస్యమైందేమండీ?"