బియ్యం డబ్బాలో పిస్టల్

బియ్యం కోసం డబ్బాలో కప్పు ముంచితే అడుగున ఏదో గట్టిగా తగిలింది. చెయ్యి పెట్టి తీశాను. పిస్టల్.

ఎనభై రెండో సంవత్సరం నుంచి డల్లాస్ చుట్టుపక్కల తుపాకులు అమ్మే గన్ షోలన్నీ తిరిగి నేను వెతుకుతున్న మోడలే. నేను సేకరించేవి ఎయిర్ పిస్టల్స్. చూపులకు అచ్చం అసలువే, కాలిస్తే మాత్రం గాలి తోసే చిన్న గుండు వస్తుంది. ఇదైతే బరువు కూడా అసలుదానిలాగే ఉంది. చేసినవాడు మహా పనివాడు.

నాకు దొరకనిది నా భార్య సలోమికి ఎలా దొరికింది? నా కలెక్షన్ అంటేనే ఆమెకి గిట్టదు. రోజూ ఆమెకి ఆఫీస్ నుంచి రైడ్ ఇచ్చే ఆ కొలీగ్ ఇచ్చాడా? ఇస్తే మాత్రం, బియ్యంలో దాచడం దేనికి?

తలుపు తెరుచుకుని సలోమి లోపలికి వచ్చింది. నేరుగా అడిగితే చెప్పదు. అందుకే కొత్తది తెచ్చినప్పుడల్లా చేసే వేళాకోళమే చేశాను. ఆమె మీద గురిపెట్టి, "హ్యాండ్సప్" అన్నాను.

ఎప్పుడూ "చాల్లెండి" అని పక్కకి తప్పుకునే మనిషి, ఈసారి గ్రోసరీ సంచీ వదిలేసి గోడకి అతుక్కుపోయింది.

"ఏవండీ, దాన్ని మెల్లిగా కింద పెట్టండి. అది మీ వాటిల్లోది కాదు. నిజంది. లోడ్ చేసి ఉంది."

"ఎవడిచ్చాడు?"

"నేనే కొనుక్కున్నా. ఇంటికి తెచ్చిన ప్రతిదాన్నీ ముందు నా మీదే గురిపెడతారు. నవ్వుతూనే పెడతారు. ఏ రోజు ఎలాంటిది తెస్తారో నాకేం తెలుసు?"

నా వేలు ఇంకా ట్రిగ్గర్ మీదే ఉంది.