జెండా కాల్చిన టీచరమ్మ

"జెండాని కాల్చేసింది సార్! నా కళ్లతో చూశాను. ఇంకేం కావాలి?"

సగం కాలిన మూడు రంగుల గుడ్డని వీరబాబు ఎస్సై బల్ల మీద పడేశాడు. అతను హైస్కూలు కమిటీ చైర్మన్. వెనకాల సగం ఊరు స్టేషన్ గుమ్మం దాకా కిక్కిరిసి ఉంది.

హెడ్‌మిస్ట్రెస్ కోటిరత్నం తల పట్టుకుంది. పొద్దుటి నుంచి చెప్పి చెప్పి ఆమె గొంతు ఎండిపోయింది.

"కాల్చానండీ. కాల్చాలి కనకే కాల్చాను. చిరిగిపోయింది, రంగు వెలిసిపోయింది. పంద్రాగస్టుకి కొత్తది పంపమని గుంటూరు ఖద్దరు కొట్టుకి రాశాను, నిన్న వచ్చింది. పాతదాన్ని చాటుగా, గౌరవంగా కాల్చెయ్యమని రూలు. అందుకే సెలవురోజు చూసి, స్కూలు వెనక గదిలో తలుపేసుకుని..."

"విన్నారా సార్? తలుపేసుకుందంట! తప్పు కాకపోతే తలుపెందుకు?"

"చాటుగా చెయ్యమన్నారు కనక!"

"జెండా దగ్గర చాటుమాటు యవ్వారం ఏందమ్మా?" బుల్లయ్య ముందుకు తోసుకొచ్చాడు. మిరపకాయల వ్యాపారి. "పాతదైతే నాకిచ్చినా మిరప టిక్కీల మీద కప్పుకునేవాణ్ణి గదా! అన్యాయంగా తగలేశావు!"

కోటిరత్నానికి ఏడవాలో నవ్వాలో తెలీలేదు. "జెండాని బస్తాల మీద కప్పుతారటయ్యా ఎవరైనా?"

"కాల్చే దానికన్నా నయమేగా!"

కేసు రాస్తే సాయంత్రానికల్లా సస్పెన్షన్ ఆర్డరు చేతికొస్తుంది. ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసు గంగలో కలుస్తుంది. ఈ మనుషులకి ఇంకే భాషలో చెప్పాలి?

ఎస్సై మీరా హుస్సేన్ లేచి బీరువాలోంచి ఒక సన్నటి పుస్తకం తీశాడు. రెండు పేజీలు నింపాదిగా చదివాడు.

"మంట ఎవరు ఆర్పారు?" అన్నాడు.

"నేనే సార్!" వీరబాబు ఛాతీ విరిచాడు. "పొగ చూసి, తలుపు తన్ని లోపలికెళ్లి, జెండాని లాక్కొచ్చి, నడిరోడ్డు మీద పడేసి, ఈ కాళ్లతోనే తొక్కి తొక్కి ఆర్పాను. చూడండి, చెప్పు కూడా కాలింది!"

"ఏరా, నువ్వొక్కడివేనా?" బుల్లయ్యకి మండింది. "ముందు కాలు పెట్టింది నేను సార్!"

"నేను రెండు కాళ్లతో ఎగిరి తొక్కాను సార్!" కిటికీలోంచి అరిచాడు గుంపులోని కుర్రాడు కోటేష్.

"తోసుకోకండి. ఒక్కొక్కరూ వచ్చి చెప్పండి. రైటర్, అందరివీ రాసుకో."

లైను కట్టారు. "మా నాన్న పేరు కూడా ఎయ్యండి సార్, రేపు పేపర్లో పడుద్ది," అన్నాడు వీరబాబు. ఇరవై ముగ్గురు పేర్లు చెప్పి, వరసగా సంతకాలు చేశారు. ఒక్కో సంతకం పడుతుంటే కోటిరత్నం గుండె ఒక్కో మెట్టు కిందికి జారింది. ఒక్కదాని మీద ఇరవై ముగ్గురు సాక్షులు!

ఎస్సై పుస్తకం మూసి ఆమె వైపు తిరిగాడు.

"మీరు ఇంటికెళ్లండి మేడమ్. చాటుగా కాల్చమనే ఉంది ఈ జెండా రూల్సులో."

తర్వాత లైను వైపు చూశాడు.

"రైటర్! జెండాని నడిరోడ్డు మీద తొక్కితే మూడేళ్ల దాకా జైలు. ఇరవై ముగ్గురూ వాళ్లంతట వాళ్లే ఒప్పుకుని సంతకాలు పెట్టారు. లోపలెయ్!"