గుండం తొక్కిన సోమనర్సయ్య

ఆదివారం తెల్లవారుజామున ఐదు గంటలకు వీరభద్రుడి గుడి ముందు అగ్నిగుండంలో గీత కార్మికుడు సోమనర్సయ్య పాదాలు రెండూ కాలాయి.

తాటిచెట్టు మీంచి పడి ఆయన వెన్ను విరిగినప్పుడు, మళ్లీ నడిస్తే గుండం తొక్కిస్తానని మొక్కింది భార్య కనకవ్వ. ఇప్పుడు అట్లా పడ్డవాళ్లందరికీ ఆస్పత్రిలో వెన్నులో చిప్పు పెట్టి, నడుముకు పట్టీ కట్టి పంపుతున్నారు. పట్టీ కాళ్లను నడిపిస్తుంది. కాళ్లకు స్పర్శ మాత్రం రాదు.

"నాకు సురుకు తాకదు గదనే. అందరికన్న నేనే నయం," అన్నాడు సోమనర్సయ్య వరుసలో నిలబడి.

"పరాచికాలు ఆపి దేవుణ్ని తలుసుకో. గబగబ పో," అంది కనకవ్వ.

ముందువాళ్లు నాలుగంగల్లో దాటారు. ఆయన నిప్పుల మీద కాలు పెట్టగానే పట్టీ నడక తగ్గించింది. మెత్తటి నేల తగిలితే మనిషి పడిపోకుండా అది అట్లాగే చేస్తుంది. నడక నేర్పిన ఆస్పత్రి అమ్మాయి ఇసుక గురించి, బురద గురించి చెప్పింది. నిప్పుల గురించి కనకవ్వ అడగలేదు.

"ఉరుకు," అని అరిచింది కనకవ్వ.

"నేను ఉరుకుమంటనే ఉన్న. అదే ఇంటలేదు," అన్నాడాయన.

గుండం నడిమధ్యలో నిప్పులు ఇంకా మెత్తగా తగిలేసరికి పట్టీ ఆయన్ను నిలబెట్టేసింది. జనం నీళ్లు చల్లి, చేతులు పట్టి బయటికి లాగేదాకా ఆయన పడిపోలేదు.

బుధవారం జిల్లా ఆస్పత్రిలో రెండు పాదాలూ తీసేశారు. పట్టీ బాగానే పనిచేస్తోందని డాక్టరు కనకవ్వకు చెప్పాడు.